ఇంట్లో ఒంటరి కుక్క: డేకేరా, తిప్పే మనిషా?



ఈ వేళ మనం మాట్లాడుకోబోయే విషయం వింటే మన అమ్మమ్మలూ నాయనమ్మలూ ముక్కున వేలేసుకుంటారు. పగలంతా ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెంపుడు కుక్కను డేకేర్‌లో దింపి రావడం మంచిదా, లేక ఒక మనిషిని మాట్లాడుకుని, మధ్యలో ఇంటికొచ్చి దాన్ని కాసేపు తిప్పమనడం మంచిదా అన్నది ఆ విషయం. "పసిపిల్లల్ని దింపి రావడం విన్నాం గానీ, కుక్కను దింపి రావడం ఏమిటే తల్లీ!" అని వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ రోజుల్లో ఇంటికి పెరడుండేది, వీధి అరుగుండేది, పొద్దస్తమానం ఇంట్లో ఎవరో ఒకరు మసులుతూ ఉండేవారు. కుక్క తన మానాన తాను పెరట్లో పడుకునేది, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేది, అన్నం వేళకు గుమ్మంలో కూర్చునేది. దానికి విడిగా షికారూ అక్కర్లేదు, స్నేహమూ అక్కర్లేదు. రెండూ ఇంటి బతుకులోనే దొరికేవి.

ఇప్పుడు హైదరాబాదులో కొండాపూర్ వైపో, కూకట్‌పల్లి వైపో ఏ ఎనిమిదో అంతస్తు ఫ్లాటులోనో ఉన్న సంసారాన్ని తలుచుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులే. పొద్దున్న తొమ్మిదింటికి తలుపు తాళం పడితే మళ్ళీ తీసేది రాత్రి ఏడింటికి. 2020, 2021లలో కరోనా రోజుల్లో ఇంటి నుంచే ఉద్యోగాలు చేస్తున్నప్పుడు ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అది పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇంటినిండా మనుషుల్నే చూసింది. తరవాత ఆఫీసులు రమ్మన్నాయి. ఒక సోమవారం పొద్దున్న అందరూ ఒక్కసారి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారో, తిరిగి వస్తారో రారో దానికి ఎవరు చెబుతారు?

పది గంటల ఒంటరితనం కుక్కను ఏం చేస్తుందో ముందు తెలుసుకుందాం. అన్ని గంటలూ అది ఏడుస్తూ కూర్చోదు. ఎదిగిన కుక్క రోజు మొత్తం మీద సగానికి సగం, అంటే పన్నెండు గంటల దాకా నిద్రలోనే గడుపుతుంది. కాబట్టి మూడు నాలుగు గంటలు ఒంటరిగా ఉండడం చాలా కుక్కలకు పెద్ద కష్టమేమీ కాదు. అయితే ఎదిగిన కుక్క మూత్రం ఆపుకోగలిగేది ఆరు నుంచి ఎనిమిది గంటలు. పిల్లలకు ఆ ఓపిక కూడా ఉండదు. ఎన్ని నెలల పిల్లయితే అన్ని గంటలు, ఆ పైన మరొక గంట అని ఒక లెక్క చెబుతారు. మూడు నెలల పిల్ల నాలుగు గంటలకు మించి ఆగలేదన్న మాట. ఇక పది గంటలంటే ఎలా ఆగుతుంది?

ఇది శరీరం సంగతి. రెండోది మనసు సంగతి. కుక్క మంద జంతువు. మనిషి వెంట వేల ఏళ్ళుగా బతికి, మనిషినే తన మంద అనుకోవడం నేర్చుకుంది. కొన్ని కుక్కలు ఒంటరిగా ఉండగలవు, కొన్ని బొత్తిగా ఉండలేవు. ఉండలేనివి గంటల తరబడి మొరుగుతాయి, ఊళలు పెడతాయి. తలుపు చెక్క గీరుతాయి, సోఫా దూది పీకుతాయి. ఇంట్లోనే తడిపేస్తాయి. తమ కాళ్ళను తామే పుండు పడేదాకా నాకుతాయి. సాయంత్రం మనం అలసి సొలసి వచ్చి అదంతా చూసి, "నన్ను వదిలి వెళ్ళినందుకు కక్ష తీర్చుకుంది" అనుకుంటాం. కక్ష కాదమ్మా, అది బెంగ. ఎప్పుడో పన్నెండింటికి చేసిన పనికి రాత్రి ఏడింటికి దెబ్బ పడితే, ఆ దెబ్బ దేనికో దానికి తెలియదు. మీరు తలుపు తీయడానికీ దెబ్బకూ ముడి పెట్టుకుంటుందంతే. మన భారతం మొదట్లోనే ఒక కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొట్టారు. దాని తల్లి సరమ వచ్చి న్యాయమడిగి, అనుకోని భయాలు కలుగుతాయని శపించి పోయింది. అంత పెద్ద గ్రంథం ఒక కుక్కపిల్ల దెబ్బతో మొదలవుతుందంటే, మన పెద్దలు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదనే కదా!

బెంగ ముదిరితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. పక్క ఫ్లాటువాళ్ళు ఫిర్యాదు చేస్తారు. అసోసియేషను నుంచి కాగితం వస్తుంది. ఇంటాయన విసుక్కుంటాడు. ఒకనాటి రాత్రి కుక్కను కారెక్కించుకుని ఊరి చివర దింపేసి వస్తారు. పట్టుపరుపు మీద పెరిగిన కుక్కకు వీధిలో బతకడం చేతకాదు. అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు. కుక్క ఆయుష్షు మామూలుగా పదీ పదమూడేళ్ళు. మనం ఈ వేళ చేసే ఏర్పాటు సరిగ్గా కుదిరితే ఆ పదేళ్ళూ మన గుమ్మంలోనే గడుస్తాయి. కుదరకపోతే ఎక్కడ గడుస్తాయో చెప్పలేం. అందుకే ఇది ముచ్చటపడి మాట్లాడుకునే విషయం కాదంటున్నాను.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1960లో మన దేశంలో జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం వచ్చింది. దాని పదకొండో సెక్షన్‌లో కొట్టడం, హింసించడంతో పాటు ఇంకో మాట కూడా ఉంది. ఎప్పుడూ గొలుసుతో కట్టేసిగానీ, ఇరుకు చోట బంధించిగానీ ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడం కూడా యజమాని చేసిన నేరమే. ఆకలిదప్పులతో మాడిపోయేలా వదిలేసి రావడమూ నేరమే. అంటే కుక్కను తిప్పడం మన సరదా కాదు, బాధ్యత. మనం తిప్పలేకపోతే తిప్పించాలి.

సరే, ఎవరిచేత? ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "డేకేర్ మంచిదా, తిప్పే మనిషి మంచివాడా?" అని అడగడం, "అన్నం మంచిదా, మంచినీళ్ళు మంచివా?" అని అడిగినట్టు. ఆకలేసిన వాడికి అన్నం, దాహమేసిన వాడికి నీళ్ళు. మీ కుక్కకు పగలు లోటవుతున్నది ఏమిటో ముందు తేల్చుకోండి. బయటికి వెళ్ళడం లోటయితే తిప్పే మనిషి చాలు. తోడు లోటయితే తిప్పే మనిషి చాలడు, డేకేరో మరో మనిషో కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా మీకే తోస్తుంది.

అది తేల్చుకోవడం ఎలాగంటారా? ఒక ఫ్లాటులో అమ్మాయికీ, ఎదురింటి పిన్నిగారికీ మధ్య ఇలాంటి మాట నడిచిందనుకోండి.

"పిన్నిగారూ, సగం జీతం పోసినా సరే, మా టామీని డేకేర్‌కే పంపుదామనుకుంటున్నాను. పాపం, పొద్దస్తమానం ఒక్కతే!"

"పంపుదువుగానీ లేమ్మా. మీరు వెళ్ళాక అది ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశావా?"

"మేం లేనప్పుడు ఎలా చూస్తామండీ?"

"పాత ఫోను ఒకటి మూలన పడేసి ఉంటుంది కదా, దానికే పని చెప్పు. హాలులో పెట్టి, వీడియో ఆన్ చేసి వెళ్ళు."

పిన్నిగారు చెప్పింది బంగారం లాంటి మాట. రెండు మూడు రోజులు అలా చూడండి. మీరు వెళ్ళాక కుక్క కాసేపు తలుపు వైపు చూసి, నిట్టూర్చి, పడుకుని నిద్రపోయి, మధ్యాహ్నానికి లేచి అటూ ఇటూ తిరుగుతూ ఉంటే దానికి కావలసింది బయటికి వెళ్ళడం. తిప్పే మనిషిని చూసుకోండి. అలా కాకుండా మీరు తలుపు వేసిన పది పదిహేను నిమిషాల నుంచే మొరుగుతూ, రొప్పుతూ, చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ ఉంటే దానికి కావలసింది తోడు. మధ్యాహ్నం అరగంట వచ్చి వెళ్ళే మనిషి వల్ల ఆ బెంగ తీరదు. పైగా ఆయన వెళ్ళేటప్పుడు మరోసారి వదిలిపోయినట్టవుతుంది. బెంగ మరీ ఎక్కువగా ఉంటే పశువైద్యుడికి చూపించాలి. దానికి మందులున్నాయి, మెల్లమెల్లగా ఒంటరితనం అలవాటు చేసే పద్ధతులున్నాయి.

తరవాత వయసు చూడాలి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకం నేర్చుకునే కాలం. ఆ వయసులో చూసిన మనుషులకూ, విన్న చప్పుళ్ళకూ పెద్దయ్యాక భయపడదు. కానీ టీకాలు పూర్తి కాని పిల్లను పది కుక్కల మధ్య వదలడం ప్రమాదం. పార్వో, డిస్టెంపరు అనే జబ్బులు పిల్లల ప్రాణాలు తీస్తాయి. వీటి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేయిస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. అందాకా పిల్లకు ఇంట్లో మనిషి తోడే మేలు. ఎత్తుకుని బాల్కనీలోనో వీధి గుమ్మంలోనో నిలబడి లోకాన్ని చూపించవచ్చు.

ఏడాది నుంచి నాలుగైదేళ్ళ లోపు వయసుండి, నలుగురితో కలిసే లాబ్రడార్, బీగిల్ వంటి హుషారు కుక్కలకు డేకేర్ బడిలో ఆటల పీరియడ్ లాంటిది. మన నాటు కుక్కల్లోనూ అలాంటివి కావలసినన్ని. ఇక ముసలి కుక్క ఉంది. దానికి కీళ్ళనొప్పులు, చూపు మందం. కుర్ర కుక్కలు వచ్చి మీద పడితే విసుక్కుని కరుస్తుంది. దాన్ని ఇంట్లోనే ఉంచి, మధ్యాహ్నం ఒకసారి నెమ్మదిగా కిందికి తీసుకెళ్ళి తెచ్చే మనిషి ఉంటే చాలు. తోటి కుక్కల్ని చూస్తే వణికేవీ, ఉరికేవీ కూడా డేకేర్‌కు పనికిరావు. "పంపితే అదే అలవాటు పడుతుంది" అంటారు కొందరు. నీళ్ళంటే భయపడే పిల్లవాణ్ణి బావిలో తోస్తే ఈత వస్తుందా? భయం రెట్టింపవుతుంది. ఆడకుక్క అయితే ఆరు ఏడు నెలలకొకసారి ఎదకు వస్తుంది, సుమారు మూడు వారాలుంటుంది. ఆ మూడు వారాలూ డేకేర్‌కు పంపకూడదు. షికారుకు తీసుకెళ్ళినా గొలుసు వదలకూడదు. పిల్లలు వద్దనుకుంటే డాక్టరును అడిగి ఆపరేషను చేయించడమే అన్ని విధాలా సుఖం.

ఇప్పుడు డేకేర్‌ను ఎంచుకునేవాళ్ళకు నాలుగు మాటలు. బోర్డు మీది బొమ్మలూ, ఫోనులో పెట్టే ఫోటోలూ చూసి మురిసిపోకండి. పని నడిచే వేళ, ముందుగా చెప్పకుండా వెళ్ళి చూడండి. లోపలికి రానివ్వకపోతే అక్కడినుంచే తిరిగి వచ్చేయండి. లోపలికెళ్ళాక ముందు మీ ముక్కును వాడండి. ఫినాయిల్ ఘాటు గుప్పున కొట్టినా, మూత్రం కంపు కొట్టినా మంచిది కాదు. రెండు తలుపులుండాలి, ఒకటి మూశాకే ఇంకొకటి తెరవాలి. లేకపోతే ఏదో ఒక నాడు ఒక కుక్క రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. పెద్దవాటినీ చిన్నవాటినీ వేరుగా ఉంచాలి. ఆటలో పెద్ద కుక్క కాలు పడినా చిన్నదాని నడుం విరగవచ్చు. పది కుక్కలకు ఒక మనిషైనా కళ్ళెదుట ఉండాలి, ఫోను చూసుకుంటూ కాదు. మధ్యాహ్నం రెండు గంటలు విడివిడిగా పడుకోబెట్టాలి. రోజంతా ఆడించడం గొప్ప అనుకుంటారు గానీ, నిద్ర చాలని పసిపిల్లలా కుక్క కూడా చిరాకుపడి పోట్లాటకు దిగుతుంది. కరెంటు పోతే ఫ్యాన్లు తిరిగే ఏర్పాటుందా, జబ్బు చేస్తే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళతారు అన్నవి కూడా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు మిమ్మల్ని ఏమడుగుతారో చూడండి. టీకాల పుస్తకం చూడకుండానే "రేపటినుంచి పంపండి" అన్నారంటే, మీ పక్కింటి కుక్క పుస్తకమూ చూడలేదన్న మాటే. నాలుగు కుక్కలు చేరిన చోట దగ్గు సులభంగా అంటుకుంటుంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు పొడిదగ్గు దగ్గుతుంటే వారం రెండు వారాలు పంపడం మానేసి డాక్టరుకు చూపించండి. రెండోది గోమార్లు, కొన్ని చోట్ల పిడుదులంటారు. మన ఎండ దేశంలో ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి. వీటి వల్ల వచ్చే జ్వరం ప్రాణాంతకం. రోజూ ఇంటికి రాగానే చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, మెడపట్టీ కింద వేళ్ళతో తడిమి చూడండి. కుక్క అన్నం మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. హైదరాబాదులో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోనూ, ఆంధ్రదేశంలో తిరుపతి, గన్నవరం కళాశాలల్లోనూ ఆసుపత్రులున్నాయి.

మొదటి రోజే పొద్దున్నుంచి సాయంత్రందాకా వదలకండి. ఒక గంట, తరవాత ఒక పూట, ఆ తరవాత రోజంతా. సాయంత్రం ఇంటికొచ్చిన కుక్క నీళ్ళు తాగి, అన్నం తిని, హాయిగా పడుకుంటే అక్కడ సుఖంగా ఉందన్న మాట. వచ్చీ రాగానే మంచం కింద దూరినా, అన్నం ముట్టకపోయినా, మర్నాడు ఆ వీధి మలుపు తిరగగానే వెనక్కి లాగుతున్నా ఏదో తేడా ఉంది. నోరు లేని దానికి చెప్పగలిగింది అంతే. మనం అర్థం చేసుకోవాలి.

ఇక తిప్పే మనిషి సంగతి. ఇది మరీ కొత్త పనేం కాదు. న్యూయార్కులో 1960లలో జిమ్ బక్ అనే ఆయన ఇతరుల కుక్కల్ని తిప్పడాన్ని చదువుకున్నవాళ్ళు కూడా గౌరవంగా చేసే వృత్తిగా నిలబెట్టాడు. మన నగరాల్లో ఇప్పుడు కుర్రాళ్ళూ, ఆడపిల్లలూ కూడా ఈ పనిలోకి వస్తున్నారు. మనిషిని కుదుర్చుకునే ముందు రెండు రోజులు మీరూ వెంట నడవండి. గొలుసు మణికట్టుకు చుట్టి పట్టుకుంటున్నాడా, వేలికి తగిలించి ఫోను మాట్లాడుతున్నాడా? వీధి కుక్కలు ఎదురైతే నిలబడి అరుస్తున్నాడా, దూరంనుంచే చూసి దారి మారుస్తున్నాడా? ఒక్కసారి ఎన్ని కుక్కల్ని తీసుకెళుతున్నాడు? అయిదారు కుక్కల్ని ఒకే చేత్తో పట్టుకున్న మనిషి, ఒకటి ఉరికితే తక్కిన వాటిని ఆపలేడు. మీ కుక్క ఒక్కదాన్నే, లేదా అది ఎరిగిన ఇంకొకదాన్ని కలిపి తీసుకెళ్ళేట్టు మాట్లాడుకోండి. లాగే కుక్కకు మెడపట్టీ కంటే భుజాలకు వేసే పట్టీ నయం, గొంతు నొక్కుకుపోదు. పట్టీకి మీ ఫోను నంబరు రాసిన బిళ్ళ తగిలించండి.

మధ్యాహ్నం తిప్పమని చెప్పేటప్పుడు మాత్రం ఎండను మరిచిపోవద్దు. మనకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు అరికాళ్ళలో తప్ప చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి దారి. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. తారు రోడ్డు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. మీ ముంజేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఆనించలేకపోతే అది నడవలేదు. 2003లో ఒక ఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ కుక్కను చూసి దేశమంతా పగ్‌ల కోసం ఎగబడింది. ఆ చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి తీసుకోవడమే కష్టం, ఎండదెబ్బ ముందు వాటికే తగులుతుంది. మంచు దేశపు హస్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసవిలో మధ్యాహ్నం షికారు మానేసి, కింద నీడలో పది నిమిషాల్లో పని కానిచ్చి తీసుకురమ్మనండి. అసలు నడక తెల్లవారుజామునా, పొద్దుగూకాకా. కుక్క విపరీతంగా రొప్పుతూ, చిక్కని చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే నీడకు తెచ్చి, ఒంటి మీద చల్లటి నీళ్ళు పోసి, విసురుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

వానాకాలంలో నిలిచిన నీళ్ళు తాగనివ్వవద్దని చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టో జబ్బు కుక్కకే కాదు, మనకూ వస్తుంది. దీపావళి టపాకాయలకూ, వినాయకుడి ఊరేగింపు డప్పులకూ బెదిరి గొలుసు తెంపుకుని పారిపోయే కుక్కలు ఎన్నో. ఆ రోజుల్లో చప్పుళ్ళు మొదలవక ముందే తిప్పి తెచ్చేయమనండి.

ఇంటి తాళంచెవి ఇచ్చే మనిషి కాబట్టి, ఆయన ఎవరో ఏమిటో కనుక్కోవడం మామూలే. ఆయన పట్ల మన బాధ్యత కూడా ఉంది కదా! కుక్క కరిచే రకమైతే దాచకుండా చెప్పాలి. రోజూ కొత్త కుక్కల్ని పట్టుకునేవాళ్ళు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవచ్చు, ఆ ఖర్చు మనమే పెట్టుకుంటే న్యాయం. ఒకవేళ ఎవరికైనా కాటో గోటిగాటో పడితే వెంటనే పదిహేను నిమిషాలపాటు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడగాలి. పసుపూ కారం కాఫీపొడీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు, ముందు జాగ్రత్తే మందు. ఎండలో పడి వచ్చిన మనిషికి ఒక గ్లాసు మంచినీళ్ళూ, పండగకు ఒక రోజు సెలవూ ఇవ్వడం మరవకండి. మన కుక్కను ప్రేమగా చూడాలని కోరుకునేవాళ్ళం, ఆ మనిషిని ప్రేమగా చూడకపోతే ఎలా?

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ధరలు ఊరిని బట్టి, పేటను బట్టి మారతాయి. లెక్క వేసే తీరు చెబుతాను. డేకేర్ రోజుకు 500 రూపాయలనుకుందాం. నెలకు ఇరవై రెండు పనిదినాలయితే 11,000. తీసుకెళ్ళి తేవడానికి ఆటో ఖర్చు వేరు. రోజుకొకసారి తిప్పే మనిషికి నెలకు 4,000 అనుకుందాం. తేడా 7,000. ఆ ఏడువేలూ కొంటున్నదేమిటి? తోడు. మీ కుక్కకు తోడు అవసరమైతే ఆ ఏడువేలూ దండగ కాదు. అవసరం లేకపోతే, పొద్దస్తమానం వదిలి వెళుతున్నామే అన్న మన మనసులోని ములుకు కోసం పోస్తున్న డబ్బు అది. దాని బదులు ఆ డబ్బుతో టీకాలూ గోమార్ల మందూ వేళకు పడేట్టు చూడడం మంచిది. మధ్యే మార్గం కూడా ఉంది. వారంలో రెండు రోజులు డేకేర్, మూడు రోజులు తిప్పే మనిషి. ఇంటి నుంచి ఉద్యోగం చేసే రోజులుంటే రెంటి ఖర్చూ తగ్గుతుంది. చాలా కుక్కలకు రోజూ డేకేర్ కంటే ఇదే నప్పుతుంది. ఆడిన మర్నాడు విశ్రాంతి దొరుకుతుంది.

"మా ఊళ్ళో ఈ డేకేర్లూ లేవు, తిప్పేవాళ్ళూ లేరు. మా సంగతేమిటి?" అని చిన్న ఊళ్ళ సోదరీమణులు అడగవచ్చు. మీ దగ్గర అంతకంటే మంచివి ఉన్నాయి. పక్కింట్లో రిటైరయిన మాస్టారున్నారు, ఆయనకు నడవమని డాక్టరు చెప్పాడు. ఎదురింట్లో కుక్క కావాలని పోరుపెట్టే కాలేజీ పిల్లవాడున్నాడు. ఒక పూట వాళ్ళు తిప్పితే, మీరు వాళ్ళకు మరో విధంగా సాయం చేయవచ్చు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు మన వీధులకు కొత్త కాదు. కానీ ఒక సంగతి. ఇంట్లో అత్తగారో అమ్మో ఉన్నారు కదా అని, అరవై అయిదేళ్ళ మనిషి చేతికి ముప్ఫై కిలోల కుక్క గొలుసు అప్పగించి వెళ్ళిపోకండి. అది ఒక్క లాగు లాగితే ఆమె తుంటి ఎముక విరుగుతుంది. ఇంట్లో ఆమె తోడుంటుంది కాబట్టి డేకేర్ అక్కర్లేదు, బయటికి మాత్రం తిప్పే మనిషి కావాలి. చూశారా, మనం మొదట చెప్పుకున్న లెక్కే ఇక్కడా పనికొచ్చింది.

మరో మాట చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. ముచ్చటపడి కుక్కను తెచ్చేది పిల్లలూ, ఇంటాయనా. అన్నం పెట్టడం, తుడవడం, టీకా తేదీ గుర్తుపెట్టుకోవడం మాత్రం ఇల్లాలి నెత్తిన పడతాయి. డేకేర్ గానీ, తిప్పే మనిషి గానీ పగటి పది గంటలకే. పొద్దున్న అరగంట, రాత్రి అరగంట ఇంటివాళ్ళు తిప్పవలసిందే. ఎంత డబ్బు పోసినా ఆ గంటను వేరేవాళ్ళు భర్తీ చేయలేరు, కుక్క ఎదురుచూసేది ఆ గంట కోసమే. ఆ గంటను ఇంట్లో వాళ్ళంతా వంతులు వేసుకోవాలి. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఏ వారం ఎవరి వంతు అన్నది తేలిపోతుంది. ఎవరూ వంతు తీసుకోనని మొరాయించే ఇంట్లో కుక్క లేకపోవడమే కుక్కకు మేలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న కుక్కకు మాత్రం ఆ సామెత వర్తించదు. అది మన దగ్గరికి తనంత తానుగా రాలేదు, మనమే తెచ్చుకున్నాం. రేపు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు పాత ఫోను ఒకటి హాలులో పెట్టి వెళ్ళండి. పగలంతా దానికి ఏది లోటవుతోందో కళ్ళారా చూడండి. ఏం చేయాలో ఆ సాయంత్రమే మీకు తెలుస్తుంది.